బొమ్మ బాగోగులకు కొలబద్ద

కిందటి సంవత్సరం మా కళాశాలలో చివరి తరగతి విద్యార్థులు గ్రూపు ఫోటో తీయించుకొన్నారు. ఫోటో అందరి ఫోనులకూ చేరింది. చూచినవారందరూ బాగున్నదన్నారు. ఫోనుకు వచ్చిన ఆ ప్రతినే ఇచ్చి, గోడకు తగిలించటానికి నాలుగడుగుల వెడల్పున అచ్చు వేయించినారు. తీరా చూస్తే ముఖాలు చిన్న చిన్న గడులుగా చీలి ఉన్నాయి. వెనుక వరుసలో ఎవరెవరో గుర్తుపట్టటమే కష్టమయింది. ఒక విద్యార్థి నన్ను అడిగినాడు: “మాస్టారూ, రెండూ ఒకే ఫోటో గదండీ! అక్కడ బాగుండి ఇక్కడ పాడయిందేమిటి?”

ప్రశ్న చిన్నదే. కాని దానిలో ఒక పెద్ద ప్రశ్న దాగి ఉన్నది. బొమ్మ ‘బాగుండటం’ అనేది బొమ్మలో ఉన్నదా, చూచే కంటిలో ఉన్నదా? బరువును కిలోలలో, పొడవును మీటర్లలో కొలిచినట్లు బొమ్మ బాగోగులను కొలవవచ్చునా? శాస్త్రజ్ఞులు ఈ విషయంలో ఏమి కనుగొన్నారో చూద్దాం.

అంకెలతో అల్లిన బొమ్మ

వెనుకటి కెమేరాలలో ఫిల్ము మీద పూసిన వెండి లవణాలు కాంతికి మార్పు చెంది బొమ్మ ఏర్పడేది. నేటి డిజిటల్ కెమేరాలో ఫిల్ముకు బదులు, కాంతిని విద్యుత్తుగా మార్చే అతి సూక్ష్మమైన గడుల ఫలకం ఉంటుంది. ఒక్కొక్క గడి మీద ఎంత కాంతి పడిందో ఆ కాంతికి తగిన అంకె నమోదవుతుంది. బొమ్మలోని ఇటువంటి ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. నలుపు తెలుపు బొమ్మలో సాధారణంగా నిండు నలుపుకు 0, నిండు తెలుపుకు 255, మధ్య ఛాయలకు మధ్య అంకెలు వాడతారు. రంగుల బొమ్మలో ఒక్కొక్క పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలు కావాలి. వీటి కలయికతో 256 × 256 × 256, అంటే 1,67,77,216 రంగులను సూచించవచ్చు.

ఇప్పుడొక లెక్క చేద్దాం. అడ్డంగా 4000, నిలువుగా 3000 పిక్సెళ్ళు ఉన్న ఫోటోలో మొత్తం 1 కోటి 20 లక్షల పిక్సెళ్ళుంటాయి. పిక్సెల్‌కు మూడు చొప్పున 3 కోట్ల 60 లక్షల అంకెలు. అంకెకు ఒక బైటు చొప్పున 36 మెగాబైట్లు. కాని మన ఫోనులో అటువంటి ఫోటో నాలుగైదు మెగాబైట్లకు మించకుండా ఉండటం చూస్తూనే ఉంటాం. అంటే కెమేరా ఎంతో సమాచారాన్ని పారవేసిందన్న మాట. ఐనా మనకు లోటు తెలియదు. దేనిని పారవేస్తే తెలియదు, దేనిని పారవేస్తే తెలుస్తుంది? దీనికి జవాబు తెలియాలంటే ముందు బొమ్మ ఎంత పాడయిందో కొలిచే ఉపాయం కావాలి.

తీసివేత లెక్క

అందరికీ మొదట తోచే ఉపాయం తీసివేత. అసలు బొమ్మ ఒకటి, కుదించిన ప్రతి ఒకటి తీసికొని, పిక్సెల్‌కు పిక్సెల్ తేడా కట్టి, ఆ తేడాలను వర్గం చేసి, సగటు తీయాలి. దీనిని వర్గ దోషాల సగటు అనవచ్చు. ఇది సున్న ఐతే రెండు బొమ్మలూ ఒకటే. 255 వర్గాన్ని ఈ సగటుతో భాగించి, వచ్చిన దాని సంవర్గమానాన్ని పదితో గుణిస్తే డెసిబెళ్ళలో ఒక కొలత వస్తుంది. ఇది పెరిగే కొద్దీ ప్రతి అసలుకు దగ్గరగా ఉన్నదని అర్థం. ఈ కొలత చాలాకాలంగా వాడుకలో ఉన్నది, ఇప్పటికీ ఉన్నది.

ఐతే దీనిని నమ్మవచ్చునా? ఒక పసిబిడ్డ ముఖం ఉన్న నలుపు తెలుపు బొమ్మను ఊహించండి. అందులో 100 వరుసలు, వరుసకు 100 పిక్సెళ్ళు, మొత్తం 10,000. దీనిని మూడు విధాలుగా పాడుచేద్దాం.

మొదటి ప్రతిలో ప్రతి పిక్సెల్‌కూ 10 కలుపుదాం. ప్రతిచోటా తేడా 10, దాని వర్గం 100, సగటు 100.

రెండవ ప్రతిలో ఒక్కొక్క పిక్సెల్‌కు బొమ్మా బొరుసూ వేసి, బొమ్మ పడితే 10 కలుపుదాం, బొరుసు పడితే 10 తీసివేద్దాం. ఇక్కడా ప్రతి తేడా వర్గం 100, సగటు 100.

మూడవ ప్రతిలో 9,900 పిక్సెళ్ళను ముట్టుకోవద్దు. సరిగా బిడ్డ కంటి మీద 10 వరుసలు, 10 నిలువుల గడిలో ఉన్న 100 పిక్సెళ్ళలో మాత్రం 100 చొప్పున తేడా చేద్దాం. ఒక్కొక్క వర్గం 10,000. నూరింటికి 10 లక్షలు. దానిని 10,000తో భాగిస్తే సగటు మళ్ళీ 100.

లెక్క ప్రకారం మూడూ సమానమే. మూడింటికీ సుమారు 28.1 డెసిబెళ్ళు. కాని కంటికి? మొదటి ప్రతిలో బొమ్మ కొంచెం వెలుగెక్కినట్లు మాత్రమే ఉంటుంది. అసలు పక్కన లేకపోతే ఆ సంగతి కూడా తెలియదు. రెండవది ఇసుక చల్లినట్లుంటుంది. మూడవదానిని చూచిన తల్లి “అయ్యో, కంటి మీద ఈ మచ్చేమిటి?” అంటుంది. తీసివేత తెలిసిన యంత్రానికి ఈ భేదం తెలియదు. కనుక బొమ్మ బాగోగులు తెలియాలంటే కంటి గుణాలు తెలియాలి.

కంటి గుణాలు

మొదటి గుణం: కన్ను తేడాను కొలిచే తీరు మన తీసివేత వంటిది కాదు. చీకటి గదిలో ఒక కొవ్వొత్తి వెలుగుతుండగా రెండవది వెలిగిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. నూరు కొవ్వొత్తులు వెలుగుతున్నచోట నూటొకటవది వెలిగిస్తే తెలిసీ తెలియనట్లుంటుంది. ఇంద్రియాలకు తోచేది మార్పు కాదు, ఉన్నదానితో ఆ మార్పుకు గల నిష్పత్తి అని జర్మనీ శాస్త్రజ్ఞుడు వేబర్ గుర్తించినాడు. ఫెక్నర్ దీనికి గణితరూపమిచ్చి 1860లో గ్రంథం ప్రకటించినాడు.

రెండవ గుణం: కన్ను సన్నదనాన్ని కోణంతో కొలుస్తుంది. మంచి చూపు గల కన్ను విడదీయగల కనిష్ఠ కోణం సుమారు ఒక నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు. 30 సెంటీమీటర్ల దూరంలో ఇది సుమారు 0.09 మిల్లీమీటరు, మూడు మీటర్ల దూరంలో సుమారు 0.9 మిల్లీమీటరు. కాబట్టి బొమ్మ బాగోగులు దూరాన్ని బట్టి మారతాయి.

మూడవ గుణం: కంటికి మరీ సన్నని చారలూ మరీ వెడల్పు చారలూ అంత బాగా ఆనవు, మధ్యరకానివి బాగా ఆనుతాయి. చేయి చాచి చిటికెన వేలు చూచినప్పుడు దాని వెడల్పు కంటి దగ్గర ఇంచుమించు ఒక డిగ్రీ కోణం చేస్తుంది. ఆ వెడల్పులో మూడు నుంచి ఐదు జతల నలుపు తెలుపు చారలుంటే, వాటి నలుపు తెలుపుల తేడా ఎంత స్వల్పమైనా కన్ను పసిగడుతుంది. ఆ వెడల్పులోనే 60 జతలు కూరితే అంతా బూడిదరంగే. కేంబ్రిడ్జిలో కాంప్‌బెల్, రాబ్సన్ 1968లో ప్రకటించిన ప్రయోగాలు ఈ విషయంలో ప్రసిద్ధమైనవి.

నాలుగవ గుణం: సందడిలో సందడి కలిసిపోతుంది. చింతచెట్టు ఆకుల మీద పడిన దోషం ఆకులలో కలిసిపోతుంది. అదే దోషం నిర్మలమైన ఆకాశం మీదనో, సున్నం వేసిన గోడ మీదనో పడితే కొట్టవచ్చినట్లు కనబడుతుంది.

ఐదవ గుణం: వెలుగు నీడల వివరాలను పట్టినంత సన్నగా రంగుల వివరాలను కన్ను పట్టలేదు. రంగులద్దిన బొమ్మలో రంగు గీత దాటి కొంచెం పాకినా, నల్లని గీత సరిగా ఉంటే బొమ్మ శుభ్రంగానే కనబడుతుంది.

ఈ గుణాలను వాడుకొన్న కుదింపు

జేపెగ్ అనే పేరుతో మనం నిత్యం వాడే కుదింపు పద్ధతి 1992లో ప్రమాణంగా వచ్చింది. దీని యుక్తి అంతా పైన చెప్పిన గుణాలలోనే ఉన్నది.

మొదట బొమ్మను వెలుగు, రంగు అని విడదీస్తారు. వెలుగు అంకెలను అన్నిటినీ ఉంచి, రంగు అంకెలను మాత్రం నాలుగు పిక్సెళ్ళకు ఒకటి చొప్పున ఉంచడం పరిపాటి. అప్పుడు నాలుగు పిక్సెళ్ళకు 12 అంకెలు ఉండవలసినచోట 6 చాలు. సగం బరువు ఇక్కడే తగ్గింది.

తరువాత బొమ్మను 8 వరుసలు, 8 నిలువుల గడులుగా కోస్తారు. గడిలోని 64 అంకెలను 64 రకాల కొసైన్ తరంగాల మొత్తంగా తిరిగి వ్రాస్తారు. కొన్ని వెడల్పు తరంగాలు, కొన్ని సన్నని తరంగాలు. ఈ కొసైన్ పరివర్తనను నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు అనే ముగ్గురు భారత సంతతి ఇంజనీర్లు అమెరికాలో పనిచేస్తూ 1974లో ప్రకటించినారు. వీరిలో కె.ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహన రావు. మన ఫోనులలోని ఫోటోల వెనుక ఈ ముగ్గురి లెక్క ఉన్నదని విద్యార్థులకు తెలియటం మంచిది.

ఇక పారవేత. ఒక్కొక్క తరంగం అంకెను ఒక భాజకంతో భాగించి దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. ప్రమాణంలో నమూనాగా ఇచ్చిన పట్టికలో మొట్టమొదటి భాజకం 16, చిట్టచివరి సన్నని తరంగానిది 99. తరంగం అంకె 45 అనుకొందాం. 16తో భాగించి సవరిస్తే 3; తిరిగి గుణిస్తే 48. కొద్ది తేడాతో మిగిలింది. అదే 45ను 99తో భాగిస్తే సగం కంటె తక్కువ గనుక సున్న అవుతుంది. ఆ సన్నని తరంగం పూర్తిగా పోయింది. కంటికి సరిగా ఆనని దానినే పారవేయటం ఇందులోని యుక్తి. కుదింపు మరీ పెంచితే భాజకాలు పెద్దవై, పక్కపక్క గడుల అంచులు కలియక, గడుల హద్దులు బయటపడతాయి. మా విద్యార్థుల ఫోటోలో కనబడినవి ఈ హద్దులే.

పదిహేనుమంది తీర్పు

కంటి గుణాలు ఇన్ని ఉన్నప్పుడు, బొమ్మ బాగోగులకు తుది తీర్పరి మనిషే. మరి మనుషుల అభిప్రాయం తలకొక తీరు గదా, దానిని శాస్త్రమెట్లా చేస్తారు? టెలివిజన్ బొమ్మల పరీక్ష కోసం అంతర్జాతీయ రేడియో సంఘం 1974లో ఒక సిఫారసు వెలువరించింది. అనేకసార్లు సవరణ పొంది ఇప్పటికీ వాడుకలో ఉన్న ఆ పద్ధతి ఇది.

బొమ్మల తయారీ వృత్తి కానివారిని కనీసం 15 మందిని పిలవాలి. వారి చూపును, రంగులను గుర్తించే శక్తిని ముందుగా పరీక్షించాలి. గది వెలుతురు, తెర దూరం నిర్ణయించాలి. కన్ను అలసిపోకుండా ఒక విడత అరగంటకు మించరాదు. బొమ్మలను వరుస కలిపివేసి చూపాలి. చూచినవారు ఐదు మెట్ల మీద తీర్పు చెప్పాలి: చాలా బాగున్నది 5, బాగున్నది 4, ఫరవాలేదు 3, బాగాలేదు 2, అసలు బాగాలేదు 1. అందరి మార్కుల సగటే ఆ బొమ్మకు అభిప్రాయ సగటు.

ఉదాహరణకు 15 మందిలో నలుగురు 5, ఆరుగురు 4, ముగ్గురు 3, ఇద్దరు 2 వేసినారనుకోండి. మొత్తం 20 + 24 + 9 + 4 = 57. సగటు 3.8. ఒక్కరి మాటలో చాపల్యం ఉండవచ్చు. పదిహేనుమంది సగటు మాత్రం నిలకడగా ఉంటుంది.

ఐతే ఈ పద్ధతికి కాలం, ఖర్చు ఎక్కువ. 2013 నాటి టాంపెరె బొమ్మల సంగ్రహంలో 25 అసలు బొమ్మలను 24 రకాలుగా, ఒక్కొక్క రకంలో ఐదు మోతాదులలో పాడుచేసి 3000 బొమ్మలు సిద్ధం చేసినారు. వాటికి తీర్పు చెప్పటానికి ఐదు దేశాలలో 971 మంది కావలసివచ్చినారు. లోకంలో ప్రతి ఫోటోకూ ఇట్లా సభ చేయటం సాధ్యమా? అందుకే మనిషిలాగా తీర్పు చెప్పే యంత్రం కావలసివచ్చింది.

యంత్రానికి తీర్పు నేర్పటం

2004లో జౌ వాంగ్, అలాన్ బోవిక్, హమీద్ షేక్, ఈరో సిమోన్‌చెల్లీ అనే నలుగురు ఒక కొత్త కొలతను ప్రకటించినారు. కన్ను విడి పిక్సెళ్ళను కాక వాటి అల్లికను చూస్తుందని వారి ఆలోచన. బొమ్మ మీద ఒక చిన్న కిటికీని జరుపుతూ, ఒక్కొక్కచోట అసలునూ ప్రతినీ మూడు విషయాలలో పోల్చుతారు. వెలుగు సగటు ఎంత? వెలుగు నీడల హెచ్చుతగ్గులు ఎంత? ఒకదానిలో హెచ్చినచోట రెండవదానిలోనూ హెచ్చుతున్నదా, లేదా? గణితం చదివినవారికి ఇవి సగటు, విచలనం, సహసంబంధం అని తెలుస్తూనే ఉన్నది. మూడింటి ఫలితాలను గుణిస్తే, రెండూ ఒకటే ఐనప్పుడు 1 వస్తుంది. పోలిక తగ్గేకొద్దీ ఫలితం తగ్గుతుంది. టెలివిజన్ రంగానికి దీనివల్ల కలిగిన మేలుకు వారికి 2015లో ఎమ్మీ ఇంజనీరింగు పురస్కారం వచ్చింది.

మన పసిబిడ్డ బొమ్మను దీని ముందు పెడితే, 10 కలిపిన ప్రతికి 1కి చాలా దగ్గర మార్కు వస్తుంది. అల్లిక మారలేదు గనుక ఇది న్యాయమే. ఇసుక చల్లినట్లున్న ప్రతికి మార్కు బాగా తగ్గుతుంది. ఇదీ న్యాయమే. కాని కంటి మీద మచ్చ ఉన్న ప్రతిలో దోషం ఒక్కచోటనే ఉన్నది. బొమ్మ అంతటికీ సగటు తీసేసరికి అది పలుచబడి, మార్కు ఎక్కువగానే వస్తుంది. అది బిడ్డ కన్ను అని ఈ కొలతకు తెలియదు.

అసలు బొమ్మ చేతిలో లేకుండానే తీర్పు చెప్పే పద్ధతులు కూడా తరువాత వచ్చినాయి. ప్రకృతి దృశ్యాల ఫోటోలలో వెలుగు హెచ్చుతగ్గులకు ఒక సహజమైన క్రమం ఉంటుంది. ఆ క్రమం ఎంత చెడితే బొమ్మ అంత చెడినట్లు అని వీటి సూత్రం. లక్షల బొమ్మలతో శిక్షణ పొందిన కృత్రిమ నాడీ జాలాలను కూడా ఈ పనికి వాడుతున్నారు. ఐతే ఏ పద్ధతినైనా పరీక్షించేది ఒక్కటే విధం: యంత్రం ఇచ్చిన ర్యాంకులు మనుషులిచ్చిన ర్యాంకులతో ఎంతవరకు కలుస్తాయో చూడటం. యంత్రం ఎంత పెద్దదైనా దానికి పరీక్షాధికారి మనిషి కన్నే.

చూడముచ్చటైనదంతా నిజమేనా?

ఇక్కడొక హెచ్చరిక అవసరం. కంటికి నచ్చటం వేరు, బొమ్మ నిజం చెప్పటం వేరు. ఉన్న రంగుల కంటె కాస్త గాఢమైన రంగులున్న బొమ్మను జనం ఇష్టపడతారని ప్రయోగాలలో తేలింది. పెళ్ళి ఫోటోలో దీనివల్ల నష్టమేమీ లేదు. కాని అన్నిచోట్లా ఇట్లా కాదు.

2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఒక ఇంటి ప్లానును స్కాను చేసి, వచ్చిన ప్రతిని చూచి ఆశ్చర్యపోయినాడు. 14.13, 17.42, 21.11 చదరపు మీటర్లుగా ఉండవలసిన మూడు గదులకూ ప్రతిలో 14.13 అనే ఉన్నది! ఆ యంత్రంలోని కుదింపు, ఒకే తీరుగా ఉన్న అంకెల ముక్కలను ఒకటిగా భావించి, ఒకదాని స్థానంలో మరొకదానిని అతికించింది. ప్రతి మసకగా లేదు. అంకెలు స్పష్టంగా ఉన్నాయి. తప్పుగా ఉన్నాయి, అంతే. మసకబొమ్మ “నన్ను నమ్మవద్దు” అని తానే చెబుతుంది. శుభ్రమైన తప్పు బొమ్మ ఆ మాట చెప్పదు.

ఎముకలో వెంట్రుకవాసి బీటను చూపవలసిన ఎక్స్‌రే సంగతి ఆలోచించండి. అది చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నదని కాదు, దానిని చూచి డాక్టరు బీటను ఎన్నిసార్లు సరిగా గుర్తించినాడు, ఎన్నిసార్లు పొరబడినాడు అన్నదే అక్కడ నాణ్యతకు కొలత. ఒక్క అంకె కూడా పోకుండా కుదించే పద్ధతులు ఇటువంటి అవసరాలకు ఉన్నాయి. మార్కుల జాబితా, భూమి పత్రం, జవాబు పత్రం ఫోటో తీసి పంపేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. సందేశాలు పంపే యాప్‌లు చాలావరకు ఫోటోను మళ్ళీ కుదించి పంపుతాయి. అటువంటివాటిని ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపటం మేలు.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని పాఠశాలలోనే చేసి చూపవచ్చు. ఫోటోలను సవరించే ఏదైనా ప్రోగ్రాములో ఒకే ఫోటోను 90, 50, 30, 10, 5 అనే నాణ్యతా సంఖ్యలతో ఐదు ప్రతులుగా దాచాలి. అసలుతో కలిపి ఆరింటిని వరుస మార్చి, పేర్లు తెలియకుండా, పదిహేనుమంది విద్యార్థులకు ఒకే దూరం నుంచి చూపాలి. ఒకరి మార్కు ఒకరికి తెలియకూడదు. సగటులు కట్టి, ఫైలు పరిమాణం అడ్డంగా, సగటు మార్కు నిలువుగా గ్రాఫు గీయించాలి. తరువాత అదే పరీక్షను రెట్టింపు దూరం నుంచి చేయించాలి. చెట్టు ఆకుల ఫోటోతో ఒకసారి, ఆకాశం ఫోటోతో ఒకసారి, నల్లబల్ల మీది వ్రాత ఫోటోతో ఒకసారి చేస్తే, పైన చెప్పిన కంటి గుణాలను విద్యార్థులు తామే గుర్తిస్తారు.

మా విద్యార్థి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. వారికి చేరిన ప్రతి అడ్డంగా 1600 పిక్సెళ్ళకు కుదించినది. 14 సెంటీమీటర్ల ఫోను తెర మీద ఒక్కొక్క పిక్సెల్ సుమారు 0.09 మిల్లీమీటరు, 30 సెంటీమీటర్ల దూరంలో అది కంటి హద్దుకు సరిపోయింది. నాలుగడుగుల అచ్చులో అదే పిక్సెల్ సుమారు 0.76 మిల్లీమీటరు, ఎనిమిది పిక్సెళ్ళ గడి ఆరు మిల్లీమీటర్లు. మీటరు దూరంలో నిలబడిన కంటికి 0.3 మిల్లీమీటరు కూడా తెలుస్తుంది. ఇక గడులు దాగేదెట్లా? బొమ్మ మారలేదు, చూచే దూరమూ కోణమూ మారినాయి. కెమేరాలో ఉన్న అసలు ఫోటోను అడిగి తెప్పించి మళ్ళీ అచ్చు వేయించినారు. ఇప్పుడు వెనుక వరుసలోని ముఖాలు కూడా గుర్తుకు అందుతున్నాయి.

కనుక ఇకమీదట ఎవరైనా “ఈ ఫోటో బాగున్నదా?” అని అడిగితే, జవాబు చెప్పకముందు మనం మూడు ప్రశ్నలు వేసికోవాలి: చూచేది ఎవరు? ఎంత దూరం నుంచి? ఏ పని కోసం?